బరోక్ కంచెర్టోల్లో ఏది ముందు వినాలి? కొరెల్లీ, వివాల్డీ, హేండెల్, బాఖ్ పక్కపక్కన

మా అక్క కూతురు డల్లాస్‌లో స్కూలు ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయిస్తుంది. పోయిన వేసవిలో ఒక రాత్రి ఫోన్ చేసి, "పిన్నీ, మా టీచర్ రెండు పీసులు చెప్పి ఒకటి ఎంచుకోమన్నారు. వివాల్డీ ఎ మైనర్ తీసుకోనా, బాఖ్ డబుల్ తీసుకోనా?" అని అడిగింది. నేను నేర్చుకున్నది విజయవాడలో, కింద కూర్చుని, ఫిడేలు తల కుడి పాదం మీద ఆనించి వాయించే కర్ణాటక బాణీ. పాశ్చాత్య సంగీతం నాకు వినికిడి విద్యే, కాకపోతే ఇరవై ఏళ్లుగా వింటున్నాను. ఆ రెండూ వయొలిన్ కంచెర్టోలే, డబుల్ అంటే రెండు వయొలిన్లది. రెండూ నాకు ఇష్టమే. "ఏదైనా బాగుంటుందిలే" అని ఫోన్ పెట్టేశాను గానీ, అది జవాబు కాదని నాకే తెలుసు.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే తేలిందేమిటంటే, ఈ కంచెర్టోలను జనం ఎంచుకునే పద్ధతిలోనే చిక్కుంది. పేరు చూసి ఎంచుకుంటారు: బాఖ్ గొప్పవాడు కాబట్టి బాఖ్, ఫోన్ రింగ్‌టోన్‌లో విన్నాం కాబట్టి వివాల్డీ. నేనూ అలాగే చేశాను. మొదటిసారి బ్రాండెన్‌బర్గ్ కంచెర్టోలు ఆరూ వరసగా పెట్టుకుని, రెండోది సగంలో ఉండగానే నిద్రపోయాను. తప్పు బాఖ్‌ది కాదు, నా చెవికి అప్పటికి పట్టుకోవడానికి ఏమీ లేదు. పట్టుకోవాల్సింది ఒక్కటే: మొదట విన్న పల్లవి మళ్లీ ఎప్పుడు వస్తుంది, ఎలా వస్తుంది, మధ్యలో ఎవరు మాట్లాడతారు. ఈ ఒక్క ప్రశ్నకు నలుగురూ నాలుగు రకాలుగా జవాబు చెబుతారు. మీకు ఏ జవాబు నచ్చుతుందో చూసుకుని అక్కడ మొదలుపెట్టండి.

మొదలుపెట్టేముందు రెండు మాటలు

కంచెర్టో అనే ఇటాలియన్ మాటకు కూడబలుక్కోవడం అని అర్థం. దాని వెనకున్న లాటిన్ మాటకేమో పోటీ పడటం అని. రెండు అర్థాలూ ఈ సంగీతంలో ఉన్నాయి. ఒక వైపు చిన్న జట్టు లేదా ఒంటరి వాద్యం, ఇంకో వైపు పెద్ద బృందం. ఆ పెద్ద బృందాన్ని రిపియేనో అంటారు. బరోక్ కాలం అంటే సుమారు 1600 నుంచి 1750 దాకా అనుకుంటే, వాద్యాల కంచెర్టో అందులో చివరి డెబ్భై ఏళ్ల పంట.

అన్నిటి కిందా చెల్లో (మంద్రంగా పలికే పెద్ద ఫిడేలు), హార్ప్సికార్డ్ (పియానోకి ముందు తరం మెట్ల వాద్యం) కలిసి నడిపే ఆధారం ఒకటి ఉంటుంది, దాన్ని బాసో కంటిన్యూవో అంటారు. హార్ప్సికార్డ్ దగ్గర కూర్చున్నవాడి కాగితం మీద కింది స్వరం, దాని పక్కన కొన్ని అంకెలు మాత్రమే ఉంటాయి. ఏ స్వరాలు కలపాలో అంకె చెబుతుంది. వాటిని విడివిడిగా రాల్చాలా, గుప్పెడు ఒక్కసారే వెయ్యాలా అన్నది అతని మనోధర్మం. మన పక్కవాద్యం లాంటి ఉద్యోగమే, కాకపోతే లయ కన్నా స్వరసమూహం మీద ఎక్కువ పట్టు. చెవికి తీగలు మీటినట్టు గలగలమని వినబడేది అదే.

పల్లవి తిరిగొస్తే తప్ప నిద్రపట్టనివాళ్లకు: వివాల్డీ

నా ఓటు, ముందే చెప్పేస్తున్నా, మొదట వివాల్డీకే. వెనిస్‌లో 1678లో పుట్టాడు, 1703 నుంచి అక్కడి పియెతా అనే అనాథాశ్రమంలో ఆడపిల్లలకు వయొలిన్ నేర్పాడు, 1741లో వియన్నాలో పోయాడు. దాదాపు 500 కంచెర్టోలు రాశాడు, వాటిలో దగ్గర దగ్గర సగం ఒంటరి వయొలిన్‌కే. ఆ ఆశ్రమం పిల్లలు జాలీ వెనక ఉండి వాయిస్తే వినడానికి యూరప్ నలుమూలల నుంచీ జనం వచ్చేవారు. బసూన్‌కి, చెల్లోకి, ఓబోకి, మాండొలిన్‌కి కూడా అతను కంచెర్టోలు రాశాడంటే, వాయించగలిగిన చేతులు పక్కనే ఉండటం ఒక కారణం.

అతని నమూనా సులువు: మూడు భాగాలు, వేగం, విలంబం, వేగం. వేగంగా నడిచే భాగాల్లో బృందం మొత్తం కలిసి ఒక గట్టి వరస ఎత్తుకుంటుంది. దాని పేరు రిటొర్నెల్లో, అంటే తిరిగి వచ్చేది. తర్వాత బృందం తగ్గి ఒంటరి వాద్యం తన పరుగు తాను తీస్తుంది. మళ్లీ రిటొర్నెల్లో, మళ్లీ పరుగు. పల్లవి, చరణం, పల్లవి అలవాటున్న మనకు ఇంతవరకూ సొంత ఊరే.

తేడా ఎక్కడంటే, మన పల్లవి ఎన్నిసార్లు వచ్చినా అదే షడ్జమం మీద నిలబడుతుంది, తంబురా కదలదు. వివాల్డీ పల్లవి తిరిగొచ్చేటప్పుడు షడ్జమాన్నే మార్చుకుని వస్తుంది. దీన్ని దగ్గర నుంచి చూడాలంటే 'నాలుగు ఋతువులు'లో వసంతం మొదటి భాగం తీసుకోండి. 1725లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన ఎనిమిదో సంపుటంలోది, ఇ మేజర్‌లో ఉంటుంది, మన లెక్కలో శంకరాభరణం స్వరాలే. మొదట్లో బృందం ఒక చిన్న ముక్క గట్టిగా వాయించి, అదే మెల్లగా అంటుంది. తర్వాత రెండో ముక్క, అదీ గట్టిగా ఒకసారి, మెల్లగా ఒకసారి. ఇకపై పల్లవిగా తిరిగొచ్చేది మొదటి ముక్క కాదు, ఆ రెండోది. ఈ సంగతి చెవిలో వేసుకుంటే దారి తప్పరు.

తర్వాత మూడు వయొలిన్లు పక్షుల్లా కిచకిచమంటాయి. పల్లవి తిరిగొస్తుంది, అదే షడ్జమంలో. తర్వాత సెలయేళ్లు, వయొలిన్లు మెత్తగా దొర్లుతాయి. పల్లవి మళ్లీ వస్తుంది, కానీ ఈసారి పంచమాన్ని షడ్జమం చేసుకుని. ఇది మనం చేసే గ్రహభేదం (స్వరాలు అవే ఉంచి, వేరే స్వరాన్ని షడ్జమం అనుకోవడం) కూడా కాదు. గ్రహభేదమే అయితే పంచమం నుంచి హరికాంభోజి రావాలి. వీళ్లు శుద్ధ మధ్యమాన్ని ప్రతి మధ్యమం చేసి, కొత్త షడ్జమం మీద కూడా శంకరాభరణమే నిలబెడతారు. ఆ తర్వాత ఉరుములు, మెరుపులు, ఒంటరి వయొలిన్ పైకీ కిందికీ చిమ్ముతుంది. తుఫాను వెలిసాక వచ్చే పల్లవి ధైవతం మీద నుంచి వస్తుంది, మైనర్‌లో. అది మాత్రం మనకు తెలిసిన గ్రహభేదమే, శంకరాభరణం ధైవతం మీద నిలిస్తే నఠభైరవి. అదే వరస, ముఖం మాత్రం వాడిపోయి ఉంటుంది. పక్షులు మళ్లీ పలికాక చివర్లో సొంత షడ్జమానికి వస్తే ఇంటికొచ్చినట్టుంటుంది. మొత్తం మూడున్నర నిమిషాలు.

రెండో భాగం ఇంకా చిత్రం. అందులో కంటిన్యూవో లేదు, కింద చెల్లో పలకదు, హార్ప్సికార్డ్ లేదు. ఒంటరి వయొలిన్ మేకల కాపరి నిద్ర, మిగతా వయొలిన్లు ఆకుల గలగల, వయొలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది) ఒక్కటే కుక్క. నిజంగానే కుక్క. ఆ పాత్ర కాగితం మీద ఎప్పుడూ చాలా గట్టిగా, తీగ లాగినట్టు వాయించాలని రాసి ఉంది. రెండేసి స్వరాలు, బౌ బౌ అని, భాగం పొడుగునా. చాలా బృందాలు సిగ్గుపడి ఆ కుక్కని మెత్తగా మొరిగిస్తాయి. అలాంటి రికార్డింగు దొరికితే మార్చేయండి.

అతను ఒకే కంచెర్టోని 500 సార్లు రాశాడనే పాత ఎగతాళి ఒకటుంది. వరసగా పది వింటే అలాగే అనిపిస్తుంది, కాదనను. అందుకే 1711లో వచ్చిన మూడో సంపుటం 'లెస్ట్రో ఆర్మోనికో'తో ఉండండి. అందులో 12 కంచెర్టోలు: నాలుగు వయొలిన్లకు కొన్ని, రెండింటికి కొన్ని, ఒకటికి కొన్ని. పదోది నాలుగు వయొలిన్లది, ఒకరి చేతిలోంచి ఇంకొకరు లాక్కున్నట్టు నడుస్తుంది. ఈ సంపుటం ఆల్ప్స్ దాటి జర్మనీ చేరి ఒక యువ ఆర్గనిస్టు చేతిలో పడింది. ఆయన సంగతి తర్వాత.

ఈ మూడు భాగాల అచ్చు వివాల్డీ ఒక్కడే పోసింది కాదు. బొలోన్యాలో టొరెల్లీ, వెనిస్‌లోనే అల్బినోనీ ముందే ఆ బాట వేశారు. టొరెల్లీ చనిపోయిన 1709లోనే వచ్చిన ఎనిమిదో సంపుటంలో చివరి ఆరు ఒంటరి వయొలిన్ కంచెర్టోలు. చరిత్ర కోసమైతే వినండి. మొదటిసారికి వద్దు.

పల్లవి అక్కర్లేదు, కలిసి పాడటం కావాలనుకునేవాళ్లకు: కొరెల్లీ

భజన గోష్ఠి విన్నవాళ్లకు కంచెర్టో గ్రోసో గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ముందు ఇద్దరు ముగ్గురు అందుకుంటారు, వెనక అందరూ కలుస్తారు. కొరెల్లీ దగ్గర ముందువరస జట్టు పేరు కంచెర్టీనో: రెండు వయొలిన్లు, ఒక చెల్లో. వెనక రిపియేనో. వివాల్డీలా ఇద్దరికీ వేరే వేరే మాటలుండవు. ముగ్గురూ చెప్పిన మాటనే అందరూ చెప్పి బరువు పెంచుతారు. గట్టి, మెత్తన అనే తేడా అంతా మనుషుల సంఖ్య నుంచే వస్తుంది.

అర్కాంజెలో కొరెల్లీ రోమ్‌లో కార్డినల్ ఒట్టొబోనీ ఆశ్రయంలో బతికి 1713లో పోయాడు. ఆయన ఆరో సంపుటం 12 కంచెర్టోలూ మరుసటి ఏడు 1714లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయ్యాయి. అయితే 1680ల మొదట్లోనే రోమ్‌లో ఆయన కంచెర్టోలు విన్నానని గియోర్గ్ ముఫాట్ అనే సంగీతకారుడు రాశాడు కాబట్టి, ఏళ్ల తరబడి చెక్కుకున్నవి అనుకోవచ్చు. ఆ పుస్తకం ముఖపత్రం మీద ఒక మాట నాకు చాలా ఇష్టం: ముగ్గురి జట్టు తప్పనిసరి, పెద్ద బృందం మీ ఇష్టం, ఉంటే ఎంతమందినైనా పెంచుకోవచ్చు. అంటే ముగ్గురితోనూ, పక్కన ఒక హార్ప్సికార్డ్‌తోనూ కచేరీ పూర్తవుతుంది. ముప్పై మంది వస్తే ముప్పైమందికీ పని ఉంటుంది.

ఈ 12లో మొదటి ఎనిమిది గుడి కోసం, చివరి నాలుగు దివాణం కోసం. గుడివి నెమ్మది, వేగం, నెమ్మది, వేగం అని చిన్న చిన్న ముక్కలుగా మారుతూ పోతాయి. దివాణానివి అల్లెమాండ, సరబాండ, జీగ లాంటి నృత్యాల పేర్లతో ఉంటాయి. రెండిట్లో ఏది అంటే, నేను గుడివైపే. వాటి విలంబ ముక్కల్లో కొరెల్లీ చేసే పని ఒకటుంది. ఒక వయొలిన్ స్వరం పట్టుకుని ఆగుతుంది, రెండోది దానికి అతి దగ్గరి స్వరం మీదికొచ్చి రాపిడి పెడుతుంది, అప్పుడు మొదటిది ఒక మెట్టు దిగుతుంది. రాపిడి తీరుతుంది. తీరీ తీరకముందే రెండోది ఆగి మొదటిది రాపిడి పెడుతుంది. ఇలా మెట్లమీద చెయ్యి పట్టుకుని దిగుతున్న ఇద్దరు ముసలివాళ్లలా పోతుంది. గమకం లేకుండా కరుణ ఎలా తెస్తారని ఎవరైనా అడిగితే నేను ఇదే వినిపిస్తాను.

ఎనిమిదో నంబరు క్రిస్మస్ రాత్రి కోసం రాసినది, జి మైనర్‌లో. మొదట్లో వచ్చే నెమ్మది ముక్క మీద, ఉన్నది ఉన్నట్టు వాయించమని రాశాడు. అప్పట్లో విలంబ భాగాల్లో వాయించేవాళ్లు సంగతులు వేసుకోవడం మామూలే. అందుకే ఇక్కడ చెయ్యి కట్టేశాడు. చివర్లో పాస్టొరాలె, మేజర్‌లోకి తిరిగి, కింద స్వరం కదలకుండా నిలబడితే పైన వయొలిన్లు ఊగుతాయి. పండగకి కొండల మీంచి దిగి రోమ్ వీధుల్లో తిత్తి వాద్యాలు ఊదే గొర్రెల కాపరుల బాణీ అది. మన చెవికి అది వినగానే శ్రుతి తిత్తి గుర్తొస్తుంది. ఈ మొత్తం సంగీతంలో తంబురాకి అతి దగ్గరగా వచ్చే చోటు బహుశా ఇదే.

కొరెల్లీలో లోటు లేదా అంటే ఉంది. ఉత్కంఠ తక్కువ. ఎవరు గెలుస్తారు అన్న ప్రశ్నే రాదు. పిల్లలకు విసుగు పుడుతుంది. రాత్రి పదయ్యాక, ఇంట్లో టీవీ కట్టేశాక వినేవాళ్లకు ఇంతకన్నా మంచిది నాకు తెలియదు.

అసలు ఒంటరి వాద్యమే లేని కంచెర్టో

దీన్ని జనం దాటేస్తారు. రిపియేనో కంచెర్టో అంటే బృందం మొత్తం ఒకటే, ముందు వరస లేదు. వివాల్డీ ఇలాంటివి పదుల్లో రాశాడు. 'అల్లా రుస్టికా' అనే జి మేజర్‌ది నాలుగు నిమిషాల్లో అయిపోతుంది, మొదటి భాగం నిమిషం పైచిలుకు. రోజూ బస్సులో వినడానికి సరిపోతుంది. అంతకు మించి చెప్పడానికేమీ లేదు.

విందుభోజనం కావాలంటే: హేండెల్

హేండెల్ జర్మనీలో పుట్టి, ఇటలీలో నేర్చి, లండన్‌లో స్థిరపడ్డాడు. రోమ్‌లో ఉన్నప్పుడు కొరెల్లీ ఆయన సంగీతాన్ని వాయించాడు కూడా. 1739 సెప్టెంబరు చివరలో మొదలుపెట్టి అక్టోబరు చివరికల్లా, అంటే నెల రోజుల్లో, 12 గ్రాండ్ కంచెర్టోలు రాసి పడేశాడు. అవీ ఆరో సంపుటమే, అవీ పన్నెండే, ముందు వరస జట్టూ కొరెల్లీదే. గురువుకి పెట్టిన దణ్ణం అనుకోవచ్చు. కానీ లోపల ఏముంటుందో ముందుగా చెప్పలేం. ఒకదాంట్లో నాలుగు భాగాలుంటే ఇంకొకదాంట్లో ఆరు. ఆరో నంబరులో మ్యూజెట్, అంటే తిత్తి వాద్యం ధోరణి, తీరిగ్గా సాగుతుంది. ఏడో నంబరు చివర ఇంగ్లిషు నావికుల హార్న్‌పైప్ గెంతుతుంది. రిటొర్నెల్లో కావాలనుకున్నప్పుడు ఉంటుంది, వద్దనుకున్నప్పుడు ఉండదు.

కొరెల్లీని ప్రేమించినవాళ్లకు రెండో మెట్టు ఇది. వివాల్డీ నుంచి నేరుగా ఇక్కడికి వస్తే మాత్రం కాస్త తికమక, ఎందుకంటే పట్టుకోవడానికి తీగ ఒక్కటి కాదు, ప్రతి కంచెర్టోకీ వేరేది.

ఆయన ఆర్గన్ కంచెర్టోలు వేరే లెక్క. ఒరటోరియో (వేషాల్లేకుండా పాడే సంగీత నాటకం) అంకాల మధ్య విరామంలో జనం లేచి వెళ్లిపోకుండా తనే ఆర్గన్ దగ్గర కూర్చుని వాయించేవాడు. 1738లో అచ్చయిన నాలుగో సంపుటంలో ఆరున్నాయి. ఆయన పోయాక 1761లో వచ్చిన ఏడో సంపుటంలో కొన్నిచోట్ల స్వరాలే లేవు, ఇష్టం వచ్చినట్టు వాయించమన్న మాట మాత్రమే ఉంది. ఆయనకి ఆ చోట అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాలే, రాసుకోవాల్సిన అవసరం లేకపోయింది. ఇవాళ వాయించేవాళ్లు తలా ఒకటి వేసుకుంటారు. నాలుగు రికార్డింగులు పక్కపక్కన పెట్టుకుని ఆ ఖాళీ ఎవరు ఎలా నింపారో వినడం నాకొక సరదా.

అందరూ ఒకేసారి మాట్లాడినా వినగలిగేవాళ్లకు: బాఖ్

వివాల్డీ మూడో సంపుటం చేతిలో పడిన యువకుడు ఈయనే. వైమార్ కొలువులో ఉండగా, 1713, 14 ప్రాంతంలో, ఆ కంచెర్టోలను ఆర్గన్‌కూ హార్ప్సికార్డ్‌కూ తిరగరాసుకుని నేర్చుకున్నాడు. నాలుగు వయొలిన్లదాన్ని తర్వాత నాలుగు హార్ప్సికార్డులకు మార్చాడు. పల్లవి తిరగడం, షడ్జమం మారడం అంతా వివాల్డీదే. తేడా ఏమిటంటే, వివాల్డీలో ఒంటరి వాద్యం మాట్లాడుతుంటే బృందం తప్పుకుంటుంది, బాఖ్‌లో తప్పుకోదు. పల్లవిలో ఒక ముక్క విరిచి, పరుగు కింద ఏ వయొలానో చెల్లోనో గొణుగుతూనే ఉంటుంది. అందుకే నాకు మొదటిసారి నిద్ర పట్టింది. పల్లవి ఎక్కడా పోలేదు కాబట్టి తిరిగొచ్చినట్టు తెలియలేదు.

తెలిసేలా చేసే భాగం ఒకటుంది, దాంతో మొదలుపెట్టండి: ఇ మేజర్ వయొలిన్ కంచెర్టో మూడో భాగం. 16 బార్ల (బార్ అంటే చిన్న తాళావర్తం లాంటిది) పల్లవి అయిదుసార్లు వస్తుంది, ఒక్క స్వరం మారదు, షడ్జమం కూడా మారదు. మధ్యలో వయొలిన్ నాలుగుసార్లు బయటికి పోతుంది, మొదటి మూడూ 16 బార్లే, నాలుగోది రెట్టింపు. తాళం వేసుకుంటూ వినొచ్చు. బాఖ్ కూడా ఇంత సూటిగా మాట్లాడగలడని ఒకసారి తెలిస్తే మిగతావాటికి భయం పోతుంది.

తర్వాత బ్రాండెన్‌బర్గ్‌లు. ఆరు కంచెర్టోలు, 1721 మార్చి 24 తేదీతో బ్రాండెన్‌బర్గ్ ప్రభువు క్రిస్టియన్ లుడ్విగ్‌కి అంకితం. ఆరూ ఆరు రకాల జట్లు, నేను చేసినట్టు వరసగా వినకండి. రెండోదాంట్లో ట్రంపెట్, రికార్డర్, ఓబో, వయొలిన్ నలుగురూ సమానం. దాని మొదటి భాగమే 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకల బంగారు రికార్డు మీద సంగీతంలో మొట్టమొదట ఎక్కింది, హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ గారి పాటా అదే పళ్లెంలో ఉంది. మూడోదాంట్లో మూడు వయొలిన్లు, మూడు వయొలాలు, మూడు చెల్లోలు. దాని మధ్య భాగంలో రాసింది రెండే స్వరసమూహాలు, అంతే. కొందరు ఆ రెండూ వాయించి ముందుకెళ్తారు, కొందరు వాటికి ముందు చిన్న ఆలాపన చేస్తారు. ఆరోదాంట్లో వయొలిన్లే లేవు, ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే వయొలాలకు పెద్దరికం దక్కింది.

నాకు అయిదోది ప్రాణం. వేణువు, వయొలిన్, హార్ప్సికార్డ్ ముగ్గురూ ముందు వరస. హార్ప్సికార్డ్ అప్పటిదాకా ఎక్కడ ఉండేదో పైన చెప్పాను, కింద కూర్చుని అంకెలు చూసుకుంటూ ఆసరా ఇచ్చే ఉద్యోగం. ఇందులోనూ మొదట్లో బుద్ధిగానే ఉంటుంది. మెల్లగా వేలు కదుపుతుంది, చిన్న పరుగు తీస్తుంది, వేణువూ వయొలినూ గమనించనట్టే ఉంటాయి. చివరికి వాళ్లిద్దరూ ఆగిపోతారు, బృందం ఆగిపోతుంది, హార్ప్సికార్డ్ ఒక్కటే 65 బార్లు వాయిస్తుంది. కచేరీలో ఎవరూ అడక్కుండానే తని మొదలుపెట్టిన మృదంగం లాగా. అది అయ్యాక పల్లవి వచ్చేసి, ఏమీ జరగనట్టు ముగించేస్తారు. బాఖ్ 1719లో బెర్లిన్ నుంచి కొత్త హార్ప్సికార్డ్ తెప్పించాడు, కొత్త వాద్యం ఇంటికొచ్చిన ఉత్సాహం ఎవరికి తెలియదు!

సరే, మీరు ఎవరు?

కృతులు విని పెరిగి, పల్లవి పోతే కంగారుపడే మనిషైతే వివాల్డీ వసంతం. పాత ఘంటసాల పద్యాల్లా ఒక్క గొంతు మీదే మనసు నిలిపే అలవాటుంటే, అతని విలంబ భాగాలు, ఓబో కావాలంటే అలెస్సాండ్రో మార్చెల్లో డి మైనర్ ఓబో కంచెర్టో రెండో భాగం. బాఖ్‌కి అది ఎంత నచ్చిందంటే దాన్నీ హార్ప్సికార్డ్‌కి రాసుకున్నాడు. సినిమా పాటల్లో వెనక వాద్యాల కూర్పుని విడదీసి వినే చెవి మీదైతే వివాల్డీ దగ్గర ఆగకుండా నేరుగా బాఖ్ అయిదో బ్రాండెన్‌బర్గ్‌కి వెళ్లండి, మీకు అక్కడే తిండి దొరుకుతుంది. మనసు బాగోలేనప్పుడు వినే సంగీతం కావాలంటే కొరెల్లీ ఎనిమిది. ఇంట్లో పిల్లలతో కలిసి వినాలంటే ఆ మొరిగే కుక్క ఉండనే ఉంది.

ఏ రికార్డింగు?

ఇందులో రెండు పార్టీలున్నాయి. ఒకరు ఇప్పటి వాద్యాలతో, ఉక్కు తీగలతో, స్వరాన్ని వణికిస్తూ నిండుగా వాయిస్తారు. రోమ్‌కి చెందిన ఇ ముజీచి బృందం, లండన్‌లో నెవిల్ మారినర్ నడిపిన సెయింట్ మార్టిన్ బృందం ఈ వైపు. ఇంకొకరు పేగు తీగలు, పాత తరహా కమాను, తక్కువ వణుకు, ఎక్కువ ఊపు. ట్రెవర్ పినాక్ నడిపిన ఇంగ్లిష్ కన్సర్ట్, ఇటలీ వాళ్లు ఇల్ జియార్డీనో ఆర్మోనికో, ఫాబియో బియోండీ ఈ వైపు. నేను రెండో పార్టీ. వివాల్డీ తుఫాను పేగు తీగల మీద గరగరలాడాలి, మెరుగుపెట్టిన తుఫానులో తడవలేం. కొరెల్లీకీ హేండెల్‌కీ పినాక్ రికార్డింగులతో మొదలుపెడితే పొరపాటు పోరు. బాఖ్‌కి నెదర్లాండ్స్ బాఖ్ సొసైటీ వాళ్లు మంచి వీడియోలు ఉచితంగా పెట్టారు, ఎవరి కమాను ఎప్పుడు కదులుతోందో కనబడుతుంది కాబట్టి మొదటిసారికి అవే మేలు.

శ్రుతి పట్టించుకునేవాళ్లకు ఒక మాట. పాత వాద్యాల బృందాలు ఎ అనే స్వరాన్ని ఎక్కువగా 415 హెర్ట్జ్ దగ్గర శ్రుతి చేస్తాయి, ఇప్పటివాళ్లు 440. మన లెక్కలో ఆరు శ్రుతికీ అయిదున్నరకీ ఉన్న తేడా. ఫిడేలు పట్టుకుని రికార్డింగుతో పాటు వాయిద్దామని కూర్చుని, అరగంట బిరడాలు తిప్పుకుని, తప్పు నాది కాదని తెలుసుకున్న రోజు నాకు బాగా గుర్తు.

ఇంకో హెచ్చరిక. బరోక్ ఆణిముత్యాలు అని అమ్మే సంకలనాల్లో అల్బినోనీ అడాజియో తప్పకుండా ఉంటుంది. నేనూ ఒకటి కొని, అల్బినోనీ అంటే అదేననుకుని చాలాకాలం తిరిగాను. అది 1958లో రెమో జియాజోట్టో అనే ఇరవయ్యో శతాబ్దపు పండితుడు అచ్చు వేయించినది, కూర్పు ఆయనదే. బాగుంటుంది, వినండి. అల్బినోనీ కావాలంటే 1722లో వచ్చిన తొమ్మిదో సంపుటంలో డి మైనర్ ఓబో కంచెర్టో వినండి.

నేర్చుకునేవాళ్లకు, అంటే మా అమ్మాయికి

సుజుకి అనే వయొలిన్ పాఠాల పద్ధతిలో ఈ రెండూ నాలుగో పుస్తకంలోనే ఉంటాయి: వివాల్డీ ఎ మైనర్, మూడో సంపుటంలో ఆరోది, ఒకటో, మూడో భాగాలు. బాఖ్ డి మైనర్ డబుల్ మొదటి భాగంలో రెండో వయొలిన్ పాత్ర. మొదటి వయొలిన్ పాత్ర అయిదో పుస్తకంలో. కాబట్టి వేళ్లకు రెండూ ఒక స్థాయివే. అందుకే టీచర్ ఎంచుకోమన్నారు.

వివాల్డీ ఒంటరిగా నేర్చుకోవచ్చు. పియానో వాళ్లెవరైనా తోడు ఉంటే చాలు, నిలబడి వాయిస్తే ఇంట్లోవాళ్లు చప్పట్లు కొడతారు. పరుగులు ఎక్కువ, చెయ్యి త్వరగా సాగుతుంది. బాఖ్ డబుల్‌ని ఒంటరిగా వాయిస్తే సగం సంభాషణ, ఫోన్‌లో ఒక వైపే విన్నట్టు. రెండు వయొలిన్లూ ఒకే వరసని ఒకరి వెనక ఒకరు అందుకుంటాయి. ఎవరూ ముఖ్యం కాదు, ఎవరూ వంత కాదు. వేళ్ల కన్నా చెవికి పని. తోడు వాయించేవాళ్లు ఉంటే బాఖ్, లేకపోతే వివాల్డీ అని మర్నాడు తనకి మెసేజ్ పెట్టాను.

అది బాఖ్ తీసుకుంది. "తోడు నువ్వే పిన్నీ, క్రిస్మస్ సెలవులకి వస్తున్నాం" అంది. నా ఫిడేలు తీగలు స, ప, స, ప మీద ఉంటాయి. వాళ్లవి వేరే వరస, ప్రతి తీగా పక్కదానికి పంచమం దూరం. అటక మీదున్న పాత ఫిడేలు దించి వాళ్ల శ్రుతికి మార్చాను, అలవాటు కొద్దీ వేళ్లు జారిపోతున్నాయి, గమకం వద్దన్న చోటల్లా గమకం పడుతోంది. ఒక్కటే ఊరట: ఆ భాగం ఎత్తుకునేది రెండో వయొలిన్, అంటే మా అమ్మాయి. మొదటి వయొలిన్ నాలుగు బార్లు ఊరుకోవాలి. ఆది తాళం రెండు ఆవర్తాలు వేసుకుంటే సరిగ్గా నా ఎత్తుగడ వస్తోంది.